పడకచోటి వెలుతురు: రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో రాత్రి కాంతి కొలత

రాత్రి నిద్రపోయే చోట కంటిని చేరే కరెంటు వెలుతురు ఎంత, ఏ రంగుది, ఎంతసేపు ఉంటుంది అని లెక్కగట్టడం రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో ఒక ప్రత్యేక శాఖ. 1987 నుంచి ఇప్పటిదాకా లక్షల మంది మహిళలపై ఈ విషయమై అధ్యయనాలు జరిగాయి. వెలుతురుకూ జబ్బుకూ సంబంధం ఉందని కొన్ని తేల్చాయి, లేదని కొన్ని తేల్చాయి. ఈ తగువులో ఎక్కువ భాగం కొలత దగ్గరే పుట్టింది. అన్నీ ‘రాత్రి వెలుతురు’ అనే మాటే వాడాయి గాని, ఒకటి ఆకాశం నుంచి ఊరి దీపాలను చూసింది, ఇంకొకటి పదేళ్ల కిందటి గది ఎలా ఉండేదో అడిగింది, మరొకటి మణికట్టుకు యంత్రం కట్టింది. ఈ మూడూ ఒకే సంగతిని చెబుతాయని అనుకోవడానికి ఆధారం తక్కువ.

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని కనకమామిడిని, దాని చుట్టుపక్కల చేవెళ్ల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ పద్ధతులను పరిశీలిస్తే వాటి బలమూ బలహీనతా స్పష్టంగా తెలుస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో వల్ల 84 గ్రామాల్లో కాలనీలకు, పెద్ద హోటళ్లకు, కాలుష్య పరిశ్రమలకు అడ్డు పడింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఒక పక్క మర్రిచెట్ల రోడ్డు, కూరగాయల మళ్లు, పూల షెడ్లు. మరో పక్క ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఇంజనీరింగ్ కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు. చీకటీ వెలుతురూ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న నేల నగరం చుట్టూ మరోచోట దొరకడం కష్టం.

ఊహ పుట్టుక

మెదడు నడుమ ఉండే పీనియల్ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం దీన్ని వేరుచేసింది. మనిషిలో ఈ హార్మోన్‌ను గట్టి వెలుతురు అణచివేస్తుందని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం చూపించింది. అప్పుడు వాడిన కాంతి 2,500 లక్స్, అంటే మామూలు ఇంటి దీపానికి ఎన్నో రెట్లు. రిచర్డ్ స్టీవెన్స్ 1987లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీలో ఒక ప్రశ్న లేవదీశాడు: కరెంటు వచ్చిన దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ కావడానికి రాత్రి దీపాలు ఒక కారణమేమో? మెలటోనిన్ తగ్గితే ఈస్ట్రోజెన్ ప్రభావం పెరుగుతుందని, అది రొమ్ము కణాల మీద పనిచేస్తుందని ఆయన తర్కం.

ఊహ నిజమైతే వెలుతురును అసలు చూడలేని వారిలో జబ్బు తక్కువగా ఉండాలి. పూర్తి అంధత్వం ఉన్న మహిళల్లో రొమ్ము క్యాన్సర్ సుమారు సగమే కనిపించిందని 1991లో రాబర్ట్ హాన్ ప్రచురించాడు. 2005లో డేవిడ్ బ్లాస్క్ బృందం మరింత సూటి ప్రయోగం చేసింది. మహిళల నుంచి పగలు, అర్ధరాత్రి చీకట్లో, అర్ధరాత్రి గట్టి వెలుతురు పడ్డాక రక్తం తీసుకుని, ఎలుకల్లో పెంచిన మానవ రొమ్ము కణితుల గుండా దాన్ని ప్రవహింపజేసింది. చీకటి రక్తం కణితి పెరుగుదలను మందగింపజేసింది. వెలుతురు పడిన రక్తానికి ఆ గుణం పోయింది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన ప్రయోగం ఇదే. అయితే అక్కడి కాంతి తీవ్రత 2,800 లక్స్. పడకచోటి చిన్న బల్బుకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం.

రాత్రి వెలుతురు ప్రాణిని మార్చగలదన్న సంగతి చేవెళ్ల రైతుకు కొత్త కాదు. ఇక్కడి పూలలో చామంతి ముఖ్యమైనది. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. పూతను వెనక్కి జరపాలనుకున్న సాగుదార్లు రాత్రివేళ తోటలో బల్బులు వెలిగిస్తారు. రాత్రి నడుమ కొంతసేపు వెలుతురు పడితే చాలు, మొక్క దాన్ని పొట్టి రాత్రిగా లెక్కగడుతుంది. మనిషి శరీరం చామంతి కాదు, దాని యంత్రాంగం వేరు. కానీ కాలం, రంగు, తీవ్రత మూడూ లెక్కలోకి వస్తాయన్న పాఠం రెంటికీ ఒక్కటే.

కంటిలో ఈ పని చేసే కణాలను 2002లో డేవిడ్ బెర్సన్ బృందం గుర్తించింది. చూపుకు వాడే రాడ్‌లు, కోన్‌లు కాకుండా, మెలనోప్సిన్ అనే పదార్థం ఉన్న కొన్ని నాడీకణాలు నేరుగా వెలుతురును పసిగట్టి మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. అవి సుమారు 480 నానోమీటర్ల నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. కొలత కష్టాలు ఇక్కడ మొదలవుతాయి. లక్స్ అనే కొలమానం పగటి చూపు కోసం తయారైంది, 555 నానోమీటర్ల ఆకుపచ్చకు ఎక్కువ విలువ ఇస్తుంది. ఒకే లక్స్ చూపే ఎర్ర జీరో బల్బు, నీలి జీరో బల్బు శరీర గడియారానికి సమానం కావు. నీలిదాని ప్రభావం చాలా ఎక్కువ. అంతర్జాతీయ కాంతి సంఘం సీఐఈ 2018లో ఈ లోటు తీర్చడానికి ‘మెలనోపిక్’ లెక్కను ప్రమాణంగా ఖరారు చేసింది. దాన్ని ఆధారం చేసుకుని 2022లో తిమోతీ బ్రౌన్, సహ పరిశోధకులు ఒక సూచన ఇచ్చారు: పగలు కంటి దగ్గర కనీసం 250 మెలనోపిక్ లక్స్, పడుకునే ముందు 3 గంటల పాటు 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా. డాబా మీద పడుకున్నవారి మీద పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు.

అడిగి తెలుసుకోవడం

మొదటి తరం అధ్యయనాలు ప్రశ్నలతోనే నడిచాయి. సియాటిల్‌లో స్కాట్ డేవిస్ బృందం 2001లో ప్రచురించిన పనిలో క్యాన్సర్ వచ్చిన 813 మందిని, రాని 793 మందిని వ్యాధి నిర్ధారణకు ముందు పదేళ్ల నిద్ర అలవాట్ల గురించి అడిగారు. రాత్రి షిఫ్టు చేసినవారికి ముప్పు 1.6 రెట్లు. గది బాగా వెలుతురుగా ఉండేదన్నవారికి 1.4 రెట్లు, కానీ దాని అనిశ్చితి హద్దులు 0.8 నుంచి 2.6 దాకా పోయాయి. అంటే తేల్చి చెప్పలేని ఫలితం. ఇజ్రాయెల్‌లో ఇతాయ్ క్లూగ్ బృందం 2011లో 794 మంది రోగులను, 885 మంది ఆరోగ్యవంతులను పోల్చి, పడకగది వెలుతురు ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ ముప్పు సుమారు 22 శాతం పెరిగిందని లెక్కించింది.

జబ్బు వచ్చాక అడిగే ప్రశ్నకు ఒక లోపం తప్పదు. క్యాన్సర్ అని తెలిసిన మనిషి తన గతాన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషికన్నా ఎక్కువగా తవ్వుకుంటుంది. ‘నాకెందుకు వచ్చింది?’ అన్న బాధలో లైటు కూడా గుర్తుకొస్తుంది. అందుకే ముందే అడిగి, తరువాత ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాల మాటకు బరువెక్కువ. బ్రిటన్‌లోని జనరేషన్స్ స్టడీ 1,05,866 మంది మహిళలను అలా గమనించి 2018లో ఫలితం వెల్లడించింది. బాగా వెలుతురులో పడుకునేవారికీ చీకట్లో పడుకునేవారికీ ముప్పు నిష్పత్తి 1.01. తేడా లేనట్టే.

ఈ ప్రశ్నల్లో ఇంకో చిక్కుంది. గదిలో చదవగలిగేంత వెలుతురు ఉందా, చేయి కనిపిస్తుందా వంటి మెట్లు చాలా అధ్యయనాల్లో వాడుకలో ఉన్నాయి. చీకటికి అలవాటుపడిన కన్ను లక్స్‌లో వందో వంతు వెలుతురులో కూడా చేతిని చూడగలదు. హార్మోన్‌ను కదిలించే స్థాయికి అది చాలా కింద. కాబట్టి ‘చేయి కనిపిస్తుంది’ అన్న జవాబులో అమాయకమైన చీకటీ, నిజంగా బలమైన వెలుతురూ కలిసిపోతాయి.

ఆకాశం నుంచి చూడటం

ఉపగ్రహ చిత్రం చవక, ప్రపంచమంతటికీ ఒకే కొలత, గతం కూడా దొరుకుతుంది. అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాల డిజిటల్ రాత్రి చిత్రాలు 1992 నుంచి ఉన్నాయి. వాటిలో వెలుతురుకు 0 నుంచి 63 దాకా అంకెలే ఉంటాయి. నగరం నడిబొడ్డు 63 దగ్గరే ఆగిపోతుంది. 2011 అక్టోబరులో ఎగిరిన సువోమీ ఉపగ్రహంలోని వియర్స్ పరికరం ఎంతో నయం, దాని చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) సుమారు 742 మీటర్లు. కనకమామిడి లాంటి ఊరు అలాంటి కొద్ది గళ్లలోనే ఇమిడిపోతుంది. అది మన మీదుగా వెళ్లేది అర్ధరాత్రి దాటాక సుమారు ఒంటిగంటన్నరకు. ఫంక్షన్ హాలు దీపాలు రాత్రి పదకొండుకు ఆరిపోతే అవి దాని లెక్కలో ఉండవు. అంతకంటే పెద్ద లోపం రంగుది. ఆ పరికరం 500 నానోమీటర్లకు దిగువనున్న కాంతిని చూడదు. తెల్ల ఎల్‌ఈడీ నీలి శిఖరం సుమారు 450 దగ్గర ఉంటుంది. పసుపు సోడియం దీపాలు తీసి తెల్ల ఎల్‌ఈడీలు పెట్టిన వీధి, ఉపగ్రహానికి చీకటైనట్టు కనిపించి కంటికి నీలమెక్కే అవకాశం ఉంది. దేశంలో ఎల్‌ఈడీ వీధి దీపాల జాతీయ కార్యక్రమం 2015లో మొదలైంది. తెలంగాణలో 2019 పల్లె ప్రగతి నుంచి ఊళ్లలో వీధి దీపాలకు ప్రత్యేకంగా మూడో తీగ లాగే పని సాగింది. అది కావలసిన పనే. చీకటి సందులో నడిచే ఆడపిల్లకు దీపం భద్రత. పరిశోధకుడు మాత్రం ఈ మార్పు జరిగిన ఏడాదిని లెక్కలో రాసుకోకపోతే పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పోల్చలేడు.

హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2012–2021 మధ్య దేశంలో రాత్రి వెలుతురు మార్పుపై ఒక అట్లాస్‌ను వెలువరించింది. ఆ దశాబ్దంలో దేశం మొత్తం మీద వెలుతురు 43 శాతం పెరిగిందని అందులో లెక్క. రాత్రి వెలుతురును ఆరోగ్య పరిశోధనకు వాడిన అనుభవం కూడా మన దగ్గర ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో గర్భిణులకు, పిల్లలకు ఇచ్చిన అదనపు ఆహారంపై చేసిన పరిశీలన, తరువాత ‘ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ’గా పెరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌కు చెందిన సంజయ్ కిన్రా దీనికి ముఖ్య సారథుల్లో ఒకరు. ఆ గ్రామాలు ఎంతమేర పట్టణంగా మారాయో చెప్పడానికి అక్కడ ఉపగ్రహ వెలుతురును వాడారు. గుండె జబ్బుల ముప్పును అర్థం చేసుకోవడానికి అది మంచి ఉపకరణం.

సరిగ్గా అదే గుణం క్యాన్సర్ పరిశోధనకు ఇబ్బంది. ఉపగ్రహం చూసే వెలుతురు పట్టణీకరణకు మారుపేరు. పట్టణంతో పాటు ఆలస్యపు పెళ్లి, తక్కువ కాన్పులు, బరువు, కాలుష్యం, మామోగ్రఫీ సౌకర్యం అన్నీ వస్తాయి. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో హైదరాబాద్ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ రేటు వయసు సవరణతో లక్ష మంది మహిళలకు 48. దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో అదే ఎక్కువ. నగరం వెలిగిపోతోంది కాబట్టి దీపాలే కారణమనడం తొందరపాటు. 2008లో క్లూగ్ బృందం ఈ అనుమానానికి తెలివైన పరీక్ష పెట్టింది. ఇజ్రాయెల్‌లోని 147 ఊళ్లలో వెలుతురుతో రొమ్ము క్యాన్సర్ కలిసి నడిచింది, ఊపిరితిత్తుల క్యాన్సర్ నడవలేదు. ఆ తర్వాత పెద్ద అధ్యయనాలు వచ్చాయి. కాలిఫోర్నియా ఉపాధ్యాయినులు 1,06,731 మందిలో, బాగా వెలుతురున్న ప్రాంతాలవారికి ముప్పు 12 శాతం ఎక్కువ (2014). అమెరికా నర్సులు 1,09,672 మందిలో 14 శాతం ఎక్కువ (2017), అదీ ప్రధానంగా ముట్లుడగని వారిలో. స్పెయిన్‌లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన రంగు ఫొటోలతో మాడ్రిడ్, బార్సిలోనా వీధుల నీలి కాంతిని లెక్కించిన 2018 అధ్యయనం రొమ్ము క్యాన్సర్‌కు 1.47 రెట్ల సంబంధం చూపింది. చిత్రమేమిటంటే, అదే అధ్యయనంలో పడకగది వెలుతురు గురించి అడిగిన ప్రశ్నలకు రొమ్ము క్యాన్సర్‌తో అలాంటి సంబంధం కనిపించలేదు. వీధిలో దొరికింది గదిలో దొరకలేదంటే, రెండు కొలతల్లో ఏదో ఒకటి తప్పుచూపు చూస్తోందని నా అభిప్రాయం.

యంత్రం కట్టడం

న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలో లైటింగ్ రీసెర్చ్ సెంటర్ డేసిమీటర్ అనే పరికరాన్ని తయారుచేసింది. ఇది కంటి దగ్గర పెట్టుకునే కాంతి కొలమాపకం. మార్క్ రే బృందం 2011లో మహిళా టీచర్లకు దాన్ని ఇచ్చి చూస్తే, ఇంటి బయటి ఆకాశ వెలుతురుకూ వారి కంటికి చేరినదానికీ పొంతన కుదరలేదు. మణికట్టు పరికరాలు చవక, వేలమందికి ఇవ్వొచ్చు. బ్రిటన్ బయోబ్యాంక్‌లో సుమారు 89 వేల మంది వారం రోజుల పాటు అలాంటివి ధరించారు. దుప్పటి కప్పితే, చీర కొంగు పడితే అవి చీకటిని చూపిస్తాయి. జపాన్‌లోని నారాలో హెయిజో-క్యో అధ్యయనం మంచం దగ్గరే కొలమాపకం పెట్టి, 3 లక్స్ హద్దుగా తీసుకుని ఊబకాయంతో సంబంధాన్ని వెతికింది. రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు అనుకరించదగిన పద్ధతి ఇదేనని నా నమ్మకం. మామూలు లక్స్ మీటరు ఇందుకు పనికిరాదు. అలాంటివి చాలావరకు ఒక లక్స్‌కు దిగువన నమ్మదగ్గ అంకె ఇవ్వవు, మనకు కావలసిన తేడాలన్నీ అక్కడే ఉంటాయి. దశాంశాలు కొలిచే పరికరాన్ని తలగడ ఎత్తులో, కన్ను చూసే దిక్కుకు తిప్పి పెట్టి, నిమిషానికొకసారి నమోదు చేయాలి. మూసిన రెప్ప నీలి కాంతిని చాలావరకు ఆపేసి, ఎరుపును కాస్త ఎక్కువ లోనికి పంపుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి.

శరీరాన్నే కొలిచే మార్గం ఒకటుంది. కాలేయం మెలటోనిన్‌ను 6-సల్ఫటాక్సీమెలటోనిన్‌గా మార్చి మూత్రంలోకి పంపుతుంది. తెల్లారి తొలి మూత్రంలో అది ఎంత ఉందో చూస్తే రాత్రంతా ఎంత హార్మోన్ తయారైందో తెలుస్తుంది. ఇవా షెర్న్‌హామర్, సుసాన్ హాంకిన్సన్ 2005లో ఇది తక్కువగా ఉన్న నర్సుల్లో ముప్పు ఎక్కువని చూపారు. కానీ ఒకే వెలుతురు అందరినీ ఒకేలా తాకదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కించిన ప్రకారం హార్మోన్ సగానికి పడిపోవడానికి సగటున సుమారు 25 లక్స్ చాలు. అతి సున్నిత వ్యక్తికి 6 లక్స్, అతి మొండి వ్యక్తికి 350 లక్స్. యాభై రెట్లకు పైగా తేడా! ఇద్దరినీ ఒకే మెట్టులో వేసే ప్రశ్నావళి నుంచి స్పష్టమైన జవాబు ఆశించలేం.

కనకమామిడిలో కొలవాలంటే

సియాటిల్ ప్రశ్నావళిని తెలుగు చేసి ఇక్కడ అడిగితే సరిపోదు. ‘పడకగది’ అన్న మాట దగ్గరే అది ఆగిపోతుంది. ఎండాకాలం డాబా మీద, వానాకాలం లోపల, పిల్లలకు పరీక్షలున్నప్పుడు లైటు వెలుగుతున్న హాల్లో, అత్త పానం బాగలేనప్పుడు ఆమె మంచం పక్కన నేల మీద: ఇలా మారుతుంటుంది ఒక ఇల్లాలి పడక. పాత జీరో బల్బు పేరుకే జీరో, 15 వాట్ల దాకా కాలేది. దాని చోటికి అర వాటు ఎల్‌ఈడీ వచ్చింది, రంగు మారింది. ఎదురుగా టీవీ, చేతిలో ఫోను, కిటికీ అవతల వీధి దీపం ఉంటాయి. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: ‘అక్కా, ఎండాకాలంల యాడ పండుకుంటవు? ఆడ రాత్రంతా ఏ లైటు వెలుగుతుంటది? నడిమిట్ల లేస్తే ఏం వేసుకుంటవు?’ కాలానికొకసారి, చోటుకొకసారి, దీపానికొకసారి అడగాలి.

రెండోది, ఈ ప్రాంతపు రాత్రి పని. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లారకముందే సరుకు చేరాలి. టమాట, ఆకుకూర, పువ్వు ఏదైనా సరే, కోసి మూటగట్టే ఆడవాళ్లు చీకటితో లేస్తారు. ఏ కాగితం మీదా ఇది ‘నైట్ షిఫ్ట్’ కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, మళ్లీ 2019లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న 2ఏ తరగతిలో చేర్చింది రాత్రి షిఫ్టు పనిని. పడకగది వెలుతురుకు అలాంటి ముద్ర ఏదీ వేయలేదు. డెన్మార్క్ ప్రభుత్వం షిఫ్టు పని వల్ల రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న కొందరు మహిళలకు పరిహారం కూడా చెల్లించింది. పూలు కోసే ఆడమనిషి ఈ లెక్కల్లో ఎక్కడా పడదు. ఆమె నిద్ర లేచే వేళను, అప్పుడు వేసే లైటును అడగని అధ్యయనం ఆమెను చీకట్లో హాయిగా పడుకున్నదిగానే నమోదు చేస్తుంది.

మూడోది పెళ్లి. ఉపగ్రహ అధ్యయనాలు మనిషిని ఇప్పటి చిరునామాకు కట్టేస్తాయి. మన దగ్గర ఆడపిల్ల తల్లిగారి ఊరు వదిలి అత్తగారి ఊరికి వెళ్తుంది. రొమ్ము కణజాలం సున్నితంగా ఉండేది రజస్వల అయినప్పటి నుంచి తొలి కాన్పు దాకా. హిరోషిమా, నాగసాకి రేడియేషన్ అధ్యయనాల్లో చిన్న వయసులో తాకిడికి గురైనవారికే రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. వెలుతురుకు కూడా అలాంటి వయసు ఉంటే, ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఆమె గడిపింది వేరే ఊళ్లో. 1990లలో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో పెరిగి, ఇప్పుడు హైవే పక్క ఇంట్లో ఉంటున్న యాభై ఏళ్ల మనిషికి ఒకే గడి అంకె వేస్తే ఆమె చరిత్ర అందులో ఉండదు. తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, కూలికి వలసపోయిన చోటు, ఏ ఏట కరెంటు వచ్చింది, ఏ ఏట వీధి దీపం మారింది: ఈ వరుస రాసుకోవడం కొలతలో భాగం. ఇది ఏ యంత్రమూ చేయలేదు, ఓపికగల క్షేత్ర కార్యకర్త చేస్తుంది.

ఒక మహిళ పడుకునే చోట పరికరం పెట్టడానికి ఆమె ఒప్పుకోలు విడిగా, ఆమె నోటనే తీసుకోవాలి. భర్త, అత్త ఒప్పుకుంటే చాలదు. అందులో కెమెరా లేదని, మాటలు వినదని చేతికిచ్చి చూపించాలి. ‘క్యాన్సర్ వస్తుందా అని చూస్తున్నాం’ అని చెబితే ఆ ఇంట్లో భయం నాటినట్టవుతుంది. ‘నిద్రపోయే చోట వెలుతురు ఎంత ఉందో చూస్తున్నాం’ అనడం నిజమూ, మర్యాదా. ఫలితం ఏమొచ్చినా ఆమెకు ముందు చెప్పాలి.

ఇప్పటిదాకా చేతికందిన ఆధారాల మీద నా తీర్పు ఇది: పడకచోటి చిన్న వెలుతురు రొమ్ము క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి లేదు, తేదని కొట్టిపారేయడానికీ లేదు. నిద్ర బాగుండాలంటే దీపం ఆర్పి, ఫోను పక్కన పెట్టి పడుకోవడం మంచిదే. అందుకు క్యాన్సర్ భయం అక్కర్లేదు. భయపడవలసింది, వాయిదా వేయకూడనిది మరొకటుంది. 30 నుంచి 65 ఏళ్ల లోపు మహిళలకు అయిదేళ్లకోసారి ఆరోగ్య సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమంలో ఉంది. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినా, చనుమొన నుంచి నెత్తురు కనిపించినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఊళ్లోని ఆశా కార్యకర్తకు చెప్పి ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లండి.